నేల ఉసిరిలో సీసం

సోమవారం మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు మూలికల ఫ్యాక్టరీ గేటు ముందు స్కూటర్ ఆపి, నాగరత్నం మొదట ఎడమచేతి గడియారం చూసుకుంది, తర్వాత కుడిచేతి గడియారం చూసుకుంది. ఎడమచేతిది మన కాలం. కుడిచేతిది తైవాన్ కాలం; అక్కడ రెండు నలభై అవుతోంది. ఆ గడియారంలో అయిదు కొట్టేలోగా, అంటే మన లెక్కలో రెండున్నరలోగా, వెనక సీటు మీద కూర్చున్న నిషిత తన విశ్వవిద్యాలయానికి జవాబు పంపాలి. పంపలేకపోతే ఆ పిల్ల స్కాలర్‌షిప్ రద్దవుతుంది. స్కాలర్‌షిప్ రద్దయితే చదువూ అక్కడితో ఆఖరు.

"మేడం, నాకు చేతులు వణుకుతున్నయి," అంది నిషిత దిగుతూ.

"వణకనీ. మెయిల్ కొట్టేటప్పుడు వణక్కపోతే చాలు."

నాగరత్నానికి అరవై ఒకటి. ప్రభుత్వరంగ కర్మాగారంలో ముప్పై ఒక్క ఏళ్లు కొలతల విభాగంలో పనిచేసి, వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా ఒప్పుకోని మనిషిగా పేరు తెచ్చుకుని, రిటైరయ్యాక బీరంగూడలో రెండు గదులు తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టింది. కేసులు తక్కువ, పుస్తకాలు ఎక్కువ. అయినా ఒక కేసు పట్టిందంటే ఆ వారం పుస్తకం తెరవదు.

ఈ కేసు శనివారం ఉదయం వచ్చింది. నిషితది వెలిమెల, వ్యవసాయ కుటుంబం. ఇక్కడ ఆయుర్వేదంలో పట్టా తీసుకుని, సంప్రదాయ వైద్యంలో పైచదువుకు పూర్తి స్కాలర్‌షిప్ మీద తైవాన్ వెళ్లింది. ఆమె నానమ్మ కౌసల్యమ్మ కామెర్లకు ఇచ్చే నేల ఉసిరినే అక్కడి ముసలివాళ్లూ కాలేయానికి వాడతారని తెలిసి, రెండు చోట్ల మొక్కలనూ పోల్చి చూడటం పరిశోధనాంశంగా ఎంచుకుంది. సెలవుల్లో వచ్చి మూడు సంచుల మొక్కలు ఎండబెట్టింది. ఒకటో సంచి వెలిమెలలో సొంత చేను గట్టు మీదిది, రెండోది జహీరాబాదు గుట్టలది, మూడోది నర్సాపూర్ అడవి అంచుది. తాను ఒకప్పుడు శిక్షణ పొందిన ఈ ఫ్యాక్టరీలోనే సెప్టెంబరు పద్దెనిమిదిన వాటిని చూర్ణం పట్టించి, అనుమతి కాగితాలన్నీ జతచేసి కొరియర్‌లో పంపింది. శుక్రవారం అక్కణ్నుంచి మెయిల్ వచ్చింది. చూర్ణంలో సీసం ఉంది. పది లక్షల భాగాలకు పది దాటకూడదు. ఒకటో సంచిలో పందొమ్మిది, రెండో సంచిలో ఎనిమిది, మూడో సంచిలో నలభై ఆరు. శుభ్రమైన నేలలోనే సేకరించానని నిషిత సంతకం చేసి ఇచ్చింది కనుక, ఆ సంతకం అబద్ధమైనా కావాలి, సీసం ఎలా వచ్చిందో ఆధారాలతో చెప్పనైనా చెప్పాలి.

గేటు దగ్గర కౌసల్యమ్మ అప్పటికే ఆటోలో వచ్చి దిగి ఉంది. డెబ్బై నాలుగేళ్ల ఆ మనిషి వాచ్‌మన్ స్టూలు మీద తాను కూర్చుని, వాచ్‌మన్‌ను మెట్టు మీద కూర్చోబెట్టి, అతని మోకాలి చిప్పను బొటనవేలితో నొక్కుతోంది.

"నువ్వెందుకొచ్చినవ్ నానమ్మా?"

"నా ఆకుకు మచ్చ వస్తే నేను ఇంట్ల కూసుంటనా?" అని, వాచ్‌మన్ వైపు తిరిగింది. "ఎప్పటి సంది ఉన్నది బిడ్డా ఈ నొప్పి?"

"విశ్వకర్మ పూజ తెల్లారి నుంచి అవ్వా. ఆ దినం పొద్దుగాల్నే లైన్ రిపేరని కరెంటు తీసిర్రు. జనరేటర్ రూముకు నాలుగు మాట్ల ఉరికిన. గప్పుడు పట్టింది."

నాగరత్నం హెల్మెట్ తీస్తూ తీస్తూ ఆగింది. "పూజ తెల్లారి అంటే పద్దెనిమిదో తారీఖు. కరెంటు ఎన్నింటికి పోయింది బాబూ?"

"తొమ్మిదింబావుకు పోయింది మేడం. పది ఇరవైకి వచ్చింది. జనరేటర్ బుక్కుల రాసిన, సూడుండ్రి."

నాగరత్నం చూసింది. చూసి, ఆ పేజీని ఫోన్‌తో ఫోటో తీసుకుని, కౌసల్యమ్మతో అంది: "అమ్మా, మీరు రావడం చాలా మంచిదైంది."

*

చంద్రకాంత్ గదిలో ఏసీ గట్టిగా ఉంది, ఆయన ముఖం అంతకంటే చల్లగా ఉంది. పోలీసు శాఖలో ఎస్సైగా చేసి స్వచ్ఛందంగా బయటకొచ్చి, ఇప్పుడు ఈ ఫ్యాక్టరీలో నాణ్యత, నిఘా రెండు విభాగాలకూ పెద్ద. రెండేళ్ల కింద ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ దొంగతనం కేసులో ఆయన పట్టుకున్న దొంగ దొంగ కాదని నాగరత్నం తేల్చింది. ఆ సంగతి ఇద్దరూ మరిచిపోలేదు.

"నమస్తే మేడం. ఇంకా బోర్డు తీసెయ్యలేదా?"

"మీరున్నంత కాలం నాకు పని ఉంటుందని ఉంచానండీ."

ఆయన నవ్వాడు; నవ్వు మీసం దాటలేదు. "సూటిగ చెప్త. ఈ చుట్టుపక్కల మట్టి సంగతి చిన్న పిల్లగాండ్లకు కూడ ఎరుక. ఈ అమ్మాయి జహీరాబాద్ పోలే, నర్సాపూర్ పోలే. బస్ కిరాయి దండుగని ఏదో నాలా పక్కపొంటి మూడు సంచులు పీక్కొచ్చింది. మీద మూడు ఊర్ల పేర్లు రాసింది. ఖతం."

నిషిత కుర్చీలోంచి లేచింది. "సార్, నా దగ్గర మూడు చోట్ల ఫోటోలున్నయి, టైముతోని."

"ఫోటోలు దిగి వచ్చినంక నాలా కాడ ఆగొద్దని ఎక్కడన్న ఉన్నదా?"

"కూర్చో అమ్మా," అంది నాగరత్నం. "ఏమండీ చంద్రకాంత్ గారూ, మీ మాటే నిజమనుకుందాం. ఒకే నాలా, ఒకే మట్టి. మరి ఒక సంచిలో నలభై ఆరు, ఇంకో సంచిలో ఎనిమిది ఎందుకుంటుంది?"

"నాకేం తెల్సు? మట్టినడగాలె."

"మట్టి కంటే ముందు మీ మర దగ్గర పనిచేసేవాణ్ని అడుగుతాను. పిలవండి."

"ఎండీ గారు మూడింటికి వస్తరు. ఆయన పర్మిషన్ ఇచ్చినంక..."

"మూడింటికి ఈ పిల్ల చదువు అరగంట కింద ఆగిపోయి ఉంటుంది. నాకు రెండున్నరే గడువని మీకు శనివారమే ఫోన్లో చెప్పాను. మూడు అనే అంకె మీకు అందుకే నచ్చిందా?"

చంద్రకాంత్ పెదవి కొరుక్కుని బెల్ నొక్కాడు.

పాండు వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, చేతులకు మూలికల పొడి, కనుబొమల మీద కూడా మూలికల పొడి. నిషితను చూడగానే ముఖం వెలిగింది. "బాగున్నవా బిడ్డా? పైదేశంల అన్నం దొరుకుతున్నదా?" అని అడిగి, చంద్రకాంత్ దగ్గు విని తల దించుకున్నాడు.

నాగరత్నం మర రిజిస్టరు తెరిచింది. "పద్దెనిమిదో తేదీ, రెండో నంబరు మర. 'ఊక పట్టుట, తొమ్మిది నలభై నుంచి పది.' ఊక ఎందుకు పడతారు పాండూ?"

"మిషన్ కడిగినంక లోపల ఏమన్న మిగిలుంటది గద మేడం. ముంగట రెండు కిలోల ఊక పడ్తే అంత తుడుసుకపోతది. ఆ ఊక పారబోసి గప్పుడు అసలు సరుకు పోస్తం."

"మంచి పద్ధతి. తర్వాత పదిన్నరకు ఒక సంచి, పదీ యాభైకి ఒకటి, పదకొండూ పదికి ఒకటి. ముందు ఏ సంచి పోశావు?"

"మీద ఉన్నది పోసిన మేడం. మూడో నంబరు. దాని కింద ఒకటి. అడుగున రెండు."

నాగరత్నం కాగితం మీద ఆ వరసలోనే అంకెలు వేసి చంద్రకాంత్ ముందుకు తోసింది. మూడో సంచి, నలభై ఆరు. ఒకటో సంచి, పందొమ్మిది. రెండో సంచి, ఎనిమిది.

నిషిత వంగి ఆ అంకెల మీద వేలు జరుపుతూ చూసింది.

"దిగుతున్నది," అంది నిషిత మెల్లగా.

"మెట్లు దిగినట్టు దిగుతోంది. సీసం మొక్కలతో వచ్చి ఉంటే ఊరిని బట్టి మారాలి. ఇక్కడ మరలో పడిన వరసను బట్టి మారింది. అంటే చంద్రకాంత్ గారూ, సీసం సంచుల్లో రాలేదు. మీ మరలోనే ఉంది. ముందు పోసిన సంచి ఎక్కువ తుడుచుకుపోయింది, తర్వాతది కొంత, ఆఖరుది మిగిలింది."

"ఊక పట్టినమని రిజిస్టర్ల ఉన్నది! తుడుసుకపోయేది ఉంటే ఊకతోనే పోవాలె."

"ఆ ఇరవై నిమిషాలూ మరలు నడవలేదండీ." ఫోన్లోని జనరేటర్ బుక్కు పేజీ చూపింది. "తొమ్మిదింబావు నుంచి పది ఇరవై వరకూ కరెంటు లేదు. మీ జనరేటర్ ఆఫీసుకూ చల్లగదికీ తప్ప మరలకు ఇవ్వదు, అదీ ఈ బుక్కులోనే ఉంది. పాండు చేత్తో తిప్పాడా?"

పాండు కళ్లు గోడ మీదికీ నేల మీదికీ తిరిగి, చివరకు తన చెప్పుల మీద ఆగాయి.

నాగరత్నం ఫోన్ మోగింది. పన్నెండూ యాభై. సంగారెడ్డిలోని పరీక్షా కేంద్రం వాళ్లు. నిషిత ఇంట్లో మిగిల్చి ఉంచిన మొక్కల్లో మూడు సంచులవీ తలా కొంచెం చేత్తో తుంచి, పేర్లు లేకుండా నంబర్లతో నాగరత్నం శనివారమే అక్కడ ఇచ్చింది. విని, కాగితం మీద రాసుకుని, ఫోన్ పెట్టేసింది.

"మరలో పడని మొక్కలు. మూడింటిలోనూ సీసం ఒకటి కంటే తక్కువ. రిపోర్టు మెయిల్లో వస్తోంది. ఇక మర చూద్దామా?"

*

మరల గది బయటే గోడకు ఒక సర్క్యులర్ అంటించి ఉంది: యంత్రాలపై పసుపు, కుంకుమ, గంధం, పూలు, నిమ్మకాయలు నిషిద్ధం, ఉల్లంఘిస్తే చర్య. కింద చంద్రకాంత్ సంతకం. గేటు దగ్గరున్న కౌసల్యమ్మనూ పిలుచుకుని, తలలకు టోపీలు, కాళ్లకు తొడుగులు వేసుకుని, పాండుతో కలిపి అయిదుగురూ లోపలికి వెళ్లారు. కౌసల్యమ్మ టోపీ పెట్టుకోనంటే నిషిత బతిమాలి పెట్టింది. పెట్టుకున్నాక అద్దం ఉందా అని అడిగింది.

రెండో నంబరు మర అద్దంలా మెరుస్తోంది. నాగరత్నం మూత విప్పించి, టార్చి వేసి, గిన్నె లోపలి అంచు వెంట తెల్లటి దూది తిప్పింది. తెల్లగానే వచ్చింది. సుత్తెల మధ్య తిప్పింది. తెల్లగానే వచ్చింది.

"అయిందా?" అన్నాడు చంద్రకాంత్.

"కొలతల విభాగంలో 'అయిందా' అని అడిగినవాణ్ని మేం గేజీ లేని చోటికి బదిలీ చేసేవాళ్లం." ఆమె మూత లోపలి వైపు వేలు పోనిచ్చింది. మూతకు బందు బిగించే చోట, బోల్టు తల కింద, ఒక చిన్న గుంట ఉంది. దూదిని సన్నగా చుట్టి గుంటలోకి తోసి తీసింది. దూది కొనకు ముదురు నారింజ రంగు అంటింది.

"తుప్పు," అన్నాడాయన వెంటనే.

నాగరత్నం వాసన చూసి దూది ఆయన ముక్కు దగ్గర పెట్టింది. "తుప్పుకు నువ్వుల నూనె వాసన రాదండీ."

కౌసల్యమ్మ ముందుకు వచ్చి, టోపీ పైకి జరుపుకుని చూసింది. "హనుమంతుని సిందూరం గద ఇది! నూనెల కలిపి పెట్టిర్రు."

"కుంకుమ అయుంటది అవ్వా," అన్నాడు చంద్రకాంత్, ఈసారి కొంచెం తగ్గి. "కుంకుమంటే పసుపే. దాంట్ల సీసమెక్కడిది?"

"నువ్వు పోలీసువా బిడ్డా?"

"ఒకప్పుడు."

"మంచిది. క్యాంటీన్ల నిమ్మకాయ ఉంటదేమో తెప్పియ్యి."

అందరూ నిమ్మకాయ కోసం గది బయటికి వచ్చారు. కౌసల్యమ్మ నడుముకున్న సంచిలోంచి చిన్న బరిణె తీసి, తాను ఇంట్లో చేసుకున్న కుంకుమ చిటికెడు స్టీలు పళ్లెంలో ఒక పక్క పెట్టింది. రెండో పక్క నాగరత్నం దూది కొనను రుద్దింది. ముసలావిడ నిమ్మచెక్క రెండింటి మీదా పిండింది. ఎర్రటి కుంకుమ చూస్తుండగానే పసుపు రంగులోకి తిరిగింది. నారింజ మరక ఉన్నది ఉన్నట్టే ఉంది.

"పసుపుతోని, సున్నంతోని చేసింది పులుపు తాకితే మల్ల పసుపైతది. ఇది గాలేదు. ఇది రాయి నుంచి తీసిన రంగు. దేవుని ఒంటికి పెడ్తం. కడుపులకు పెట్టం."

"చౌకరకం సిందూరంలో సీసమే ఎక్కువ," అంది నాగరత్నం. "చిటికెడు చాలు, అరకిలో చూర్ణం పాడవడానికి. ఈ దూది పరీక్షకు పంపితే రేపటికి కాగితం వస్తుంది. ఈలోగా ఇది ఎలా వచ్చిందో చెప్పే మనిషి ఇక్కడే ఉన్నాడనుకుంటాను. పాండూ?"

పాండు గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

"నేనే పెట్టిన మేడం. ఇరవై రెండేండ్ల సంది పూజకు నేనే బొట్టు పెడ్తున్న. పోయినేడు నుంచి సార్ వద్దన్నడు. మీద పెడ్తే ఆడిట్టోళ్లకు కనపడ్తదని... మూత లోపల పెట్టిన. ఎవలికి కనపడదని. మా ఊరి హనుమండ్ల గుడిల తెచ్చిన సిందూరం."

"మరి ఊక?"

"పూజ చేసినంక మొదటి పట్టు ఊకతోని ఎట్ల పడ్తం మేడం? బోణీ ఊకతోని చేసి పారబోస్తరా ఎవలన్న? కరెంటు లేకుండె, అదొక వంక దొరికింది. పట్టినట్టు రాసిన." నిషిత వైపు చూడలేక చూశాడు. "బిడ్డ పైదేశం పోయి సదువుతున్నది. మన మందు ఆడ సూపెడ్తున్నది. ఆమె సంచితోని బోణీ చేస్తే మిషన్లు సల్లగుంటయనుకున్న. మంచి చెయ్యి బిడ్డా నీది. నీకే ముప్పు తెస్తనని అనుకోలే."

నిషిత అతని పక్కన కింద కూర్చుంది. చాలాసేపు బిగబట్టుకున్న నవ్వు ముందు వచ్చింది, దాని వెనకే ఏడుపు. "పాండు కాకా! నాకు దేవుడి బొట్టు పెట్టి పంపినవా తైవాన్‌కు!"

కౌసల్యమ్మ కూడా నవ్వింది. చంద్రకాంత్ ఒక్కడే నవ్వలేదు. ఆయన తన సర్క్యులర్ వంక చూస్తున్నాడు.

*

ఒకటీ నలభైకి, ఫ్యాక్టరీ తరఫున తైవాన్‌కు రాయవలసిన ఉత్తరం మీద పోరు మొదలైంది.

"పాండును తీసేస్తున్నమని రాస్త," అన్నాడు చంద్రకాంత్.

"రాస్తే అతని వాంగ్మూలం భయపెట్టి రాయించినట్టు ఉంటుంది. జరిగింది రాయండి. ఎవరు ఎందుకు చేశారో రాయండి. శిక్ష మీ ఇంటి గొడవ."

"మూతల బొట్టు అని రాస్తే వాళ్లకు సమజైతదా?"

"వాళ్లకూ దేవుళ్లున్నారు సార్," అంది నిషిత. "మస్తు సమజైతది."

రెండూ అయిదుకు ఉత్తరం పూర్తయింది. సంతకం చేసేముందు ఆయన ఒక వాక్యం చేర్చాడు: ఈ పొరపాటు రెండో నంబరు మరకు మాత్రమే పరిమితం.

నాగరత్నం ఆయన కలం ఆపింది. "మిగతావి చూశారా?"

"నాణ్యత విభాగం పెద్దను నేను. ఆ లైను లేకుంటే సంతకం లేదు."

గడియారం రెండూ ఏడు. ముప్పై ఒక్క ఏళ్లలో చూడని కొలతను ఆమె ఏనాడూ రాయనివ్వలేదు. ఈసారి రాయనిచ్చింది. రెండూ పన్నెండుకు ఉత్తరం, జనరేటర్ పేజీ, మర రిజిస్టరు, సంగారెడ్డి రిపోర్టు, పళ్లెం ఫోటో, పాండు వాంగ్మూలం అన్నీ కలిపి మెయిల్ వెళ్లింది. నిషిత కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది. కౌసల్యమ్మ టీ తెప్పించమంది. చంద్రకాంత్ తెప్పించాడు, అంతేకాదు, బిస్కెట్లు కూడా చెప్పాడు.

పాండు రెండు చేతులతో గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. నౌకరీ పోలేదన్న సంతోషం ముఖంలో దాగడం లేదు. "ఇగ ఒట్టు సార్. ఒకటో దానికి గాని, రెండోదానికి గాని, మూడోదానికి గాని, బొట్టు జోలికే పోను."

నాగరత్నం టీ గ్లాసు పళ్లెంలో పెట్టేసింది. "మూడింటికీ పెట్టావా?"

"ఒక్కదానికి పెట్టి రెండిటిని ఇడుస్తనా మేడం? పాపం గాదా?" అని, ఆమె ముఖం చూసి గబగబా అన్నాడు: "ఒకటోదాంట్ల ఊక పట్టినం, నిజంగనే పట్టినం. మూడోది మోటరు కాలి మూలకుండె. ఈ పొద్దే షురూ జేసినం."

"ఏం పట్టారు?"

"పిల్లల కడుపునొప్పి చూర్ణం. తెల్లాపూర్ల మన కంపెనీ ఉచిత క్యాంపు ఉన్నది గద, దానికి. ఇరవై కిలోలు. స్టోర్ల ఊక అయిపోయింది మేడం. పట్టలే."

చంద్రకాంత్ చేతిలోని బిస్కెట్ టీలో పడిపోయింది. ఆయన అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుని ఉన్నాడు. క్యాంపు డాక్టరు ఎత్తడం లేదు. గేటుకు చేశాడు. బండి ఒకటీ యాభైకే వెళ్లిపోయింది.

"జల్దీ పోయి ఆపుకుంట. ఎవ్వలికి చెప్పొద్దు," అని, నిషిత వైపు తిరిగాడు. గొంతు మారింది. "అమ్మా, మెయిల్ పోయింది. నీ పని అయింది. అది గట్లనే ఉండనీ. రెండో మెయిల్ పెడ్తే నీకే నష్టం. మొదటిది అబద్ధమంటరు."

అది నిజమే. నాగరత్నానికి ఆ సంగతి ఆయన కంటే ముందే తట్టింది. ఆ వాక్యాన్ని ఆపవలసింది తాను. ఆపలేదు. "నిషితా, నేను చెప్పను. నిర్ణయం నీది. రెండూ పద్దెనిమిది అయింది."

నిషిత లాప్‌టాప్ దగ్గరకు లాక్కుంది. "నా పేరు మీద పోయింది మేడం. రేపు నేను డాక్టర్‌నని కూసుంటే, ఈ చూర్ణం సంగతి తెల్సి నోరు మూసుకున్నదాన్ని ఎవరు నమ్మాలె?" వెంటనే కొట్టింది: ఇంతకుముందు పంపిన ఉత్తరంలో ఒక వాక్యం తప్పు, మూడో మరలోనూ సిందూరం ఉంది, దానిలో పట్టిన పిల్లల మందును ఆపడానికి ఇప్పుడే వెళ్తున్నాం. చివరి అక్షరం దగ్గర ఆగి చంద్రకాంత్ వైపు చూసింది.

ఆయన వంగి, కింద తన పేరు తానే కొట్టాడు.

రెండూ ఇరవై మూడుకు రెండో మెయిల్ వెళ్లింది.

*

చంద్రకాంత్ కారు ఎండీని తేవడానికి విమానాశ్రయం వెళ్లింది. బయట ఉన్నది నాగరత్నం స్కూటరూ, కౌసల్యమ్మ వచ్చిన ఆటో. "ఎక్కండి సార్," అంది నాగరత్నం. "నేను నడుపుతుంటే భయపడకండి. నలభై దాటను."

"నలభైయా? ఇయ్యాల అరవై కొట్టు మేడం!"

ఆమె స్టార్ట్ చేస్తుండగా ఆటోలోంచి కేక వినపడింది. నిషిత ఫోన్ చెవికి పెట్టుకుని మరో చేత్తో ఆటో కడ్డీని పిడికిలితో బాదుతోంది. తైవాన్ నుంచి ఆచార్యురాలు తానే చేసింది. కమిటీ రెండు మెయిళ్లూ ముందు పెట్టుకుని చదివింది. స్కాలర్‌షిప్ ఆగదు. కొత్త చూర్ణం రాతి రోట్లో దంచి పంపమంది. రోలు ఫోటో కూడా పంపమంది. ఆ పిల్లల మందు ఆగిందో లేదో రాత్రిలోగా రాయమంది.

"ఉన్నది నానమ్మా! నా చదువు ఉన్నది!"

కౌసల్యమ్మ మనవరాలి తల రెండు చేతులా పట్టుకుని నుదురు వాసన చూసింది. పాండు గేటు దగ్గర నిలబడి, ఎవరికి దండం పెట్టాలో తెలియక, వాచ్‌మన్‌కు పెట్టాడు. చంద్రకాంత్ కూడా స్కూటర్ మీద కూర్చునే నవ్వేశాడు. ఈసారి నవ్వు మీసం దాటింది.

అప్పుడు ఆయన ఫోన్ మోగింది. క్యాంపు డాక్టరు.

"సార్, మిస్డ్ కాల్స్ చూసిన. ఇక్కడ మస్తు రష్ ఉన్నది సార్. మూడింటికి అనుకున్నం గాని జనం ఆగుతలేరు, ఇప్పుడే షురూ చేసినం."

"ఆపు! ఒక్క పొట్లం కూడ ఇయ్యకు! డబ్బా మూత పెట్టు!"

అటువైపు కాసేపు గోల, కుర్చీలు జరిపిన చప్పుడు. తర్వాత గొంతు తగ్గింది. "ఆపినం సార్. కానీ ఒక్కటి పోయింది. మొట్టమొదటి పొట్లం. డబ్బాలో పైన ఉన్నది తీసి కట్టినం."

"ఎవలికి?"

"చంకల పిల్లోడు, సార్. పచ్చ చీర. పేరు రాసుకునే లోపల్నే పోయింది. కొల్లూరు దిక్కు పోయే ఆటో ఎక్కిందంట."

చంద్రకాంత్ ఫోన్ దించి, విన్నది గబగబా అందరికీ చెప్పాడు. డబ్బాలో పైన ఉన్నది సీసం ఎక్కువ అంటిన మొదటి పట్టో, చివరి పట్టో పాండు కూడా చెప్పలేడు.

"ఇంటికి చేరాక సాయంత్రం వేస్తుందేమో," అంది నాగరత్నం. "టైముంటుంది."

"లేదమ్మా," అంది కౌసల్యమ్మ, ఆటో డ్రైవర్ భుజం తట్టి బండి తీయమంటూ. "కడుపునొప్పికి ఏడ్చే పిల్లగాన్ని ఏ తల్లి సాయంత్రం దాక ఆపుతది? గడప దాటంగనే తేనె సీసా తీస్తది. ఆ చూర్ణం తేనెల కలిపేంత సేపే ఉన్నది మనకు."